పదిహేడు సీసాలు, ఒక అట్ట

జులై 1

మందుల బీరువా పక్కన బిగించిన కెమెరా కన్ను తన చిట్టా తనే రాసుకుంటుంది. ఏ మందు ఏ నిమిషాన బయటికి వచ్చిందో, ఎవరి చేతిపట్టీతో జతపడిందో, అన్నీ. అందులో ఒక్క కొట్టివేత ఉండదు. ఈ నోటుబుక్కు మాత్రం నాది. ఇందులో కొట్టివేతలు ఉంటాయి.

నా పేరు గుత్తుల భానుమతి. పంటు ఆసుపత్రిలో మందుల స్టోరు చూస్తాను. సముద్రం లంకల్ని మింగేశాక ఇళ్ళన్నీ పీపాల మీదికెక్కాయి, ఆసుపత్రి పంటు మీదికి, అంటే చదునైన పెద్ద పడవ మీదికి, ఎక్కింది. పదమూడు తేలుడు ఊళ్ళకి ఈ పంటే దిక్కు. డాక్టరు వారానికోసారి వస్తారు. మిగతా రోజులు నేనూ, నర్సు రూతమ్మా.

పొద్దున్నే బీరువా బందులకి పట్టిన ఉప్పు తుడిచాను. ఒక్కరోజు మానేస్తే తలుపు బిగుసుకుని కూర్చుంటుంది. బీపీ బిళ్ళలకి వచ్చిన వాళ్ళని పంపించాను. పది గంటలకి, మాకు మందులు పంపే కేంద్రం నుంచి కబురు వచ్చింది. కె 417 బ్యాచి సెలైన్ వాడొద్దట. సీసా లోపలి పూత నీళ్ళలోకి దిగుతోందట. అది ఎక్కిన మనిషికి ముప్ఫై రోజుల్లోగా విరుగుడు పడకపోతే కిడ్నీలు పోతాయి. రక్తపరీక్షలో తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పోనీ అందరికీ విరుగుడు పొడిచేద్దామా అంటే, ఆ నీళ్ళు ఎక్కని వాళ్ళ కిడ్నీని ఆ విరుగుడే తినేస్తుంది.

కబురు చివర నాలుగు ముక్కలు మా కోసం ఉన్నాయి. "మీ దగ్గర ఆ బ్యాచివి ఇరవై సీసాలు ఉన్నాయి. ఒక్కటి కూడా వాడలేదు. వెనక్కి పంపండి."

"స్తోత్రం! మనం బయటపడ్డాం అక్కా," అంది రూతమ్మ.

సీసాలు పెట్టెకెక్కించడానికి వెళ్ళి లెక్కపెట్టాను. పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. కింద కూర్చుని, ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని మూడోసారి లెక్కపెట్టాను. పద్నాలుగే.

జులై 1, సాయంత్రం

అట్ట సంగతి రాయాలి. రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

ప్రతి సీసాకీ ఒక చుక్కల గడి అంటించి ఉంటుంది. ఆ గడిని కన్నుకి చూపిస్తే అది ఏ మందో, ఏ బ్యాచో, ఎప్పటిదాకా పనికొస్తుందో చదువుతుంది. తర్వాత రోగి చేతిపట్టీ చదువుతుంది. రెండూ జతపడితే "సరే" అంటుంది, అప్పుడే సెలైన్ గొట్టం బిగింపు వదులుతుంది. కానీ మా ఉప్పుగాలికి గళ్ళు ఉబ్బి చెదిరిపోతాయి. చెదిరిన గడిని కన్ను చదవదు. అటు తిప్పి, ఇటు తిప్పి, గుడ్డతో తుడిచి, నోటితో ఊది చూపిస్తే పదోసారికి చదువుతుంది. ఈలోగా వాంతులతో, విరేచనాలతో వచ్చిన మనిషి కళ్ళు తేలేస్తుంటాడు.

పద్నాలుగు నెలల కిందట అలాంటి ఒక మధ్యాహ్నం, నేను శుభ్రంగా ఉన్న ఒక గడిని సీసా నుంచి ఊడదీసి, అట్టముక్క మీద అంటించి, బీరువా తలుపు లోపల తగిలించాను. సీసా ఏదైనా సరే, కన్నుకి అట్ట చూపిస్తాం. ఒక పెట్టెలోని ఇరవై లెక్క అయిపోగానే తర్వాతి పెట్టె గడి ఒకటి అట్ట మీదికి వస్తుంది. సీసాలు మాత్రం ఏ పెట్టె చేతికి దగ్గరగా ఉంటే ఆ పెట్టెలోంచి తీస్తాం. ఉప్పునీళ్ళే కదా, ఏదైతేనేం అనుకున్నాను. రూతమ్మకి నేర్పింది కూడా నేనే.

అందుకే కన్ను చిట్టాలో కె 417 పెట్టె ఇంకా మొదలే కాలేదు. అసలు పెట్టెలో ఆరు సీసాలు లేవు. ఆ ఆరూ ఎవరి నరాల్లోకి వెళ్ళాయో చిట్టాకి తెలియదు, నాకూ తెలియదు.

జులై 2

కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే రూతమ్మ టీ తెచ్చి, పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అంది.

"పక్క పెట్టెలో మంచి సీసాలు చిట్టాకంటే ఎక్కువే ఉన్నాయి కదక్కా. ఆరింటికి గళ్ళు మార్చేస్తే ఇరవై అయిపోతాయి. పంపించేద్దాం. ఎవరికి తెలుస్తాది?"

ఒళ్ళు మండింది. మండటానికి కారణం ఆ మాట తను అన్నందుకు కాదు, తెల్లవారుజాము నుంచి నేనూ అదే లెక్క వేస్తున్నందుకు. రూతమ్మ నా ఉద్యోగం కోసమే అంది. ఇద్దరు పిల్లల తల్లి, తన ఉద్యోగం కోసం కూడా.

"ఆరుగురికి తెలుస్తుంది, కాళ్ళు వాచాక," అన్నాను.

మా అమ్మ పోయింది నకిలీ మందుల ఏడాదిలో. అట్టపెట్టె మీద ఒక పేరు, లోపల బిళ్ళలో సుద్ద. ఆ తర్వాతే ఈ కళ్ళు వచ్చాయి. మా పంటుకి కూడా ఒకటి కావాలని మూడేళ్ళు తిరిగి, కనబడ్డ ప్రతి అధికారినీ విసిగించి తెప్పించింది నేను. తెప్పించిన దానికే గంతలు కట్టి పక్కన నిలబెట్టాను. ఈ వాక్యం రాస్తుంటే సిగ్గుగా ఉంది.

తొమ్మిదింటికి కేంద్రాన్ని పిలిచాను. ఈ బ్యాచి పని చూస్తున్న హైమగారు పలికారు. అట్ట సంగతి చెప్పాను.

"ఎన్ని నెలలుగా?"

"పద్నాలుగు."

"ఒక్క సెలైనుకేనా? మిగతా మందులకి కూడానా?"

"సెలైనుకేనండీ."

"ఆ మాట నేను ఏ ఆధారంతో నమ్మాలి, భానుమతిగారూ?"

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. నిదానంగా రెండు విషయాలు చెప్పారు. మొదటిది, తనిఖీ అయ్యేదాకా బీరువాకి కేంద్రం నుంచే తాళం పడుతుంది, ప్రాణం మీదికి వస్తే ఆవిడని పిలిచి తెరిపించుకోవాలి. రెండోది, విరుగుడు ఆరు డోసులు పక్కన పెడతారు కానీ పేరు మీదే పంపిస్తారు. పేరుకి రుజువు కావాలి, అంటే ఆ మనిషికి ఎక్కిన సీసానీ, ఆ మనిషి చేతిపట్టీనీ పక్కపక్కన పెట్టి కన్నుకి చూపించాలి.

"ఖాళీ సీసాలు ఎక్కడుంటాయండీ?" అన్నాను.

"అది మీరే చెప్పాలి," అన్నారు హైమగారు.

జులై 3

బీరువా తాళం సంగతి ఊళ్ళకి పాకింది. బీపీ బిళ్ళల కోసం వచ్చిన పెద్దాయన ఒకాయన నా ముఖం మీదే, "నీ అట్టకి మేం పస్తులా?" అని అరిచి వెళ్ళిపోయాడు. బిళ్ళలు మానితే పస్తు కాదు, అంతకంటే చెడ్డది. ఒక్కొక్కరి కోసం హైమగారిని పిలిచి తెరిపిస్తున్నాను.

ఖాళీ సీసాల గురించి ఆలోచిస్తూ పంటు మీద ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. మా పడవ నడిపే పంతాడి ధర్మారావు నన్ను కాసేపు చూసి అడిగాడు.

"ఏటండీ స్టోరమ్మగారూ, పంటు అరిగిపోయేలాగ ఉంది. ఏం పారేసుకున్నారు?"

"సీసాలు. ఆ చెడ్డ పెట్టె జూన్ పన్నెండున వచ్చాక ఎక్కించిన పదిహేడు సెలైన్ సీసాలు."

ఆయన నవ్వాడు. "పారేసుకోడమేంటండీ? రోజూ వాటి పక్క నుంచే గదా మనం ఎల్లేది. వలలకి కట్టున్నాయి."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఈ ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఎక్కిన సీసాని ఆ ఇంటివాళ్ళే అడిగి తీసుకెళ్ళి, మూత బిగించి, తమ వల నీళ్ళ మీద తేలేలా దానికి తెప్పగా కడతారు. మనిషిని నిలబెట్టిన సీసా వలని కూడా నిలబెడుతుందని నమ్మకం. వేరే ఇంటి సీసా ముట్టుకోరు. ఒకరి మంచం దగ్గరి సీసా ఇంకొకరు పట్టుకెళ్ళారని పోయినేడు కొట్టుకున్నంత పని చేశారు. "చెత్త సీసా కోసం ఇంత గొడవా?" అని నేనే వాళ్ళని తిట్టాను.

బ్యాచి అంకె సీసా మెడ మీద ప్లాస్టిక్కులోనే పొడిచి ఉంటుంది. అంటించిన గడి నీళ్ళకి ఊడిపోయినా ఆ అంకె పోదు.

జులై 4

పొద్దున్న ఆరింటికే బయల్దేరాం. వాన పడుతూ ఆగుతూ ఉంది. పదిహేడు పేర్ల చీటీ నా దగ్గర, కన్నుకి ఉండే చేతి పరికరం రూతమ్మ దగ్గర. ఎవరికి ఏ రోజు సెలైన్ ఎక్కిందో చిట్టా తప్పు చెప్పదు. ఏ సీసా ఎక్కిందన్నదే తప్పు.

మొదటి ఊళ్ళో మూడు వలలు. సత్తిరాజు ఇంట్లో వల విప్పడానికి ఒప్పుకోలేదు. "తెప్ప విప్పితే వేటకి చెడ్డదండీ," అన్నాడు. నేను విప్పొద్దన్నాను. పడవ అంచు మీద బోర్లా పడుకుని, నీళ్ళలోకి చేతులు పెట్టి, సీసా తిప్పి మెడ తడిమాను. నాచు పట్టింది. గోటితో గీకితే అంకెలు తేలాయి. 409. మంచిది. సత్తిరాజు ఊపిరి వదిలాడు, నేనూ వదిలాను.

రెండోది 409. మూడోది 417. అది సత్తిరాజు వదినది. ఆవిడ గడప మీద నిలబడి చూస్తోంది. నా ముఖం చూసి ఆవిడకి అర్థమైపోయింది. చేతిపట్టీ పక్కన సీసా పెట్టి కన్నుకి చూపించాం. కేంద్రం నుంచి వెంటనే జవాబు వచ్చింది. మొదటి పేరు ఖాయం.

సాయంత్రానికి ఏడు చూశాం. రెండు చెడ్డవి. మోచేతులు రెండూ గీరుకుపోయాయి.

జులై 7

రెండు రోజులు రాయలేదు. తిరుగుడే తిరుగుడు. నిన్న గాలికి ఒక వల తెగి కొట్టుకుపోతే ధర్మారావు రెండు మైళ్ళు వెంటపడి పట్టాడు. దానికున్న సీసా 417.

పదిహేడులో పదహారు చూశాం. అయిదు చెడ్డవి. మిగిలింది ఒకటే పేరు, మల్లాడి వీరవేణి. వలలు బాగుచేస్తుంది. ఒంటరి మనిషి, నలభై ఉంటాయి. జూన్ పదమూడున వచ్చింది, అందరికంటే ముందు. ముప్ఫై రోజులంటే ఈ నెల పదమూడు. ఇంకా ఆరు రోజులు.

తీసివేత లెక్క తేలికే. ఆరులో అయిదు దొరికాయి, ఆరోది వీరవేణిది. ఆ మాటే హైమగారికి చెబుదామని పరికరం అందుకున్నాను. రూతమ్మ నా చేయి పట్టుకుంది. ఏడుస్తోంది.

"అక్కా, ఒక సీసా నేను పడేశాను. జూన్‌లో. రేవులో దిగుతుంటే జారి మెట్టుకి తగిలి చిట్లి, ఏట్లో మునిగిపోయింది. తిడతావని చెప్పలేదు."

"ఏ పెట్టెలోది?"

"నాకు తెలీదక్కా. తీసేటప్పుడు చూడలేదు. చూసే అలవాటు తప్పిపోయింది కదా."

తిట్టలేదు. ఆ అలవాటు తప్పించింది నేను. కాగితం మీద రెండు విధాలా లెక్క వేశాను, బీరువాలో మిగిలిన సీసాలతో సరిచూశాను. ఎలా వేసినా సరిపోతోంది. ఆరో చెడ్డ సీసా వీరవేణికి ఎక్కి ఉండొచ్చు, లేదా ఏటి అడుగున ఉండొచ్చు. విరుగుడు వేస్తే తప్పు కావచ్చు, వేయకపోతే తప్పు కావచ్చు. ఆవిడ సీసా మెడ చూస్తే తప్ప తేలదు.

జులై 8

వీరవేణి ఇంటికి వెళ్ళాం. గడప మీద కూర్చుని వల అల్లుతోంది. మేం చెప్పిందంతా తల ఎత్తకుండా వింది.

"నాకు వల ఎక్కడిదమ్మా? అందరి వలలూ కుడతాను గానీ నాకంటూ ఒకటి లేదు. సీసా కోసేసి గరాటు చేసుకున్నాను, వాననీళ్ళు ఒంపుకోడానికి."

"గరాటు అంటే మెడ ఉన్న సగమే కదా! ఏది?"

"సూరేకాంతం అడిగితే ఇచ్చేను."

సూర్యకాంతం పక్కింటావిడ. ఆవిడ దగ్గర నుంచి నూనె ఒంపుకోవాలని ఎవరో పట్టుకెళ్ళారు. వాళ్ళ దగ్గర నుంచి వాళ్ళ బావగారు పట్టుకెళ్ళాడు. బావగారు వేటలో ఉన్నాడు, రేపు వస్తాడు. ఒక గరాటు కోసం ఇంతమంది ఇన్ని ఇళ్ళు తిరుగుతారని నేనెప్పుడూ అనుకోలేదు. నా కాళ్ళు మంటలు. వీరవేణి మాత్రం వల వదలలేదు.

"నీకు భయం వేయట్లేదా?" అని అడిగేశాను. అడగకూడదు.

"ఏస్తంది. అయితే ఏం జెయ్యమంటావు? నీలాగ తిరగమంటావా?" అంది.

జులై 9

అయిదు డోసులు, కేంద్రం నుంచి ఎగిరొచ్చే గాలిపెట్టెలో వచ్చాయి. అయిదుగురికీ వేశాం. అయిదుసార్లూ కన్నుకి సీసానే చూపించాను, అట్ట ఎప్పుడో హైమగారికి పంపేశాను. ఒక గడిని పద్నాలుగోసారికి గానీ చదవలేదు. సత్తిరాజు వదిన ఓపిగ్గా కూర్చుంది. ఇలా ఓపిక పట్టడం పద్నాలుగు నెలల కిందట నాకు ఎందుకు రాలేదో తెలియదు.

వేట నుంచి వచ్చిన బావగారు గరాటుని బ్యాటరీలు నింపే తెప్ప దగ్గర వదిలేశానన్నాడు. పదమూడు ఊళ్ళ పడవలూ బ్యాటరీల్లో నీళ్ళు పోయించుకునే చోటు అది.

వెళ్ళాం. మేకులకి వరసగా గరాట్లు వేలాడుతున్నాయి. ఎనిమిది. ఎనిమిదీ సెలైన్ సీసాలు కోసి చేసినవే. అన్నీ ఉప్పుకి తెల్లబడ్డాయి. ఒక్కొక్కటీ తీసి మెడ తడిమాను. 388, 409, 417, 395, 409, 417...

రెండు 417లు. తక్కినవి వేరే వేరే బ్యాచిలవి.

"రెండా?" అంది రూతమ్మ.

రెండోది ఎలా వచ్చి ఉంటుందో తెప్పవాడు చెప్పాడు. వేరే పంటు ఆసుపత్రి వైపు నుంచి వచ్చే పడవలు కూడా ఇక్కడ ఆగుతాయి. ఆ బ్యాచి వాళ్ళకీ వచ్చే ఉంటుంది. అంటే 417 ఉన్నంత మాత్రాన అది వీరవేణిది కాదు. 409 అయినా వీరవేణిది కావచ్చు. అక్కడే తెప్ప మీద చతికిలబడ్డాను.

"స్టోరమ్మగారూ, లెగండి," అన్నాడు ధర్మారావు. "గరాటు కోసిన మనిషి బతికే ఉంది గదా. ఆవిడనే తీసుకొద్దాం."

జులై 10

వాన. గాలి. పడవ కదల్లేదు. మూడు రోజులే మిగిలాయి. బీరువా బందులకి ఉప్పు నాలుగుసార్లు తుడిచాను. రూతమ్మ, "ఇంక తుడిస్తే తలుపే ఊడొస్తుందక్కా," అంది. నవ్వు రాలేదు.

జులై 11

పొద్దున్న గాలి తగ్గింది. వీరవేణిని పడవెక్కించుకున్నాం. సగం దూరం పోయాక అడిగింది.

"ఆ అట్ట ఎవరు పెట్టేరు?"

"నేనే."

"ఎందుకు?"

"కన్ను తొందరగా చదవట్లేదని. నీలాంటి వాళ్ళు బాధపడుతుంటే చూడలేక." అని, అది పూర్తి నిజం కాదనిపించి, "విసుగొచ్చి కూడా," అన్నాను.

వీరవేణి నీళ్ళ వైపు చూస్తూ అంది. "ఆ రోజు నాకు కళ్ళు కనబడ్డం లేదమ్మా. చెవులు ఇనబడుతున్నాయి. కన్ను సరే అన్నాది. అమ్మయ్య, ఇంక నాకేం కాదనుకున్నాను."

నేను లేచి పడవలో చేరిన వాననీళ్ళు తోడటం మొదలుపెట్టాను.

తెప్ప దగ్గర వీరవేణి గరాట్లన్నీ ముందేసుకుని కూర్చుంది. అంకెలు చూడలేదు. కోసిన అంచు మీద బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పింది. ఒకటి పక్కన పడేసింది. ఇంకోటి. ఇంకోటి. నాలుగోదాని మీద వేలు ఆగింది.

"ఇదే. నా వల కత్తికి నొక్కుంది. కోసిన కాడల్లా గీత పడతాది. సూడు."

చూశాను. అంచు పొడుగునా సన్నటి గీత ఉంది. మిగతా ఏ గరాటుకీ లేదు. ఆవిడ నడుముకున్న కత్తి తీసి చూపించింది, నొక్కు సరిగ్గా గీత ఉన్నచోటే కూర్చుంది.

"ఎంత?" అని అడిగింది.

మెడ మీద గోటితో గీకాను. నాకు ముందే తెలిసినా గీకాను.

"నాలుగు వందల పదిహేడు."

వీరవేణి తల ఊపింది. రూతమ్మ పరికరం పట్టుకుంది, నేను గరాటుని ఆవిడ చేతిపట్టీ పక్కన పెట్టాను, కత్తి కూడా పక్కన పెట్టాను. హైమగారే పలికారు. గీత గురించి చెప్పాను. కత్తిని మూడు వైపుల నుంచీ చూపించమన్నారు. చూపించాం. ఇంకో 417 గరాటు ఎక్కడిదో కూడా అడిగారు. ఆ వైపు పంటు నుంచి వచ్చి ఉంటుందని, అక్కడ కూడా ఏదో అట్ట ఉందేమోనని చెప్పాను. "నేను చూస్తాను," అన్నారు. ఆపైన, "వీరవేణి గారి డోసు రేపు పదకొండింటికి వస్తుంది. భానుమతిగారూ, మీ విషయం తర్వాత," అన్నారు.

నా విషయం ఏమైనా కానివ్వండి, అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తిరిగొస్తుంటే మొదటిసారి పడవలో కాసేపు కూర్చోగలిగాను.

జులై 12, మధ్యాహ్నం

గాలిపెట్టె పదకొండింటికి రావాలి. పన్నెండు దాటింది. మబ్బు పట్టింది. రూతమ్మ రేవు దగ్గర, నేను పంటు మీద, ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాం. వీరవేణి మంచం మీద కూర్చుని, ఎవరిదో వల తెచ్చుకుని కుడుతోంది. పన్నెండూ నలభైకి వచ్చింది. అరచేతిలో పట్టే చిన్న సీసా. మూత తడిసింది కానీ గడి బాగానే ఉంది.

కన్నుకి సీసా చూపించాను. చదివింది. వీరవేణి చేతిపట్టీ చూపించాను. చదివింది. "సరే" అంది.

రూతమ్మ సూది తీసింది. వీరవేణి చేయి వెనక్కి లాక్కుంది.

"అది మొన్నా సరే అన్నాది," అంది. "నువ్వు సదువు."

"నేనా?"

"నువ్వే. అందులో ఏముందో నోటితో సదువు. నేను ఇంటాను."

అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకుని చదివాను. మందు పేరు. పద్నాలుగు అంకెల నంబరు, ఒక్కొక్క అంకెనీ విడిగా. బ్యాచి. ఎప్పుడు తయారైంది, ఎప్పటిదాకా పనికొస్తుంది. ఆవిడ పేరు, తండ్రి పేరు, ఊరు. చదవడం అయింది. రూతమ్మ సూదితో ముందుకి వంగింది.

వీరవేణి చేయి ఇవ్వలేదు.

"ఇంకోసారి."

రూతమ్మ నా వైపు చూసింది. నేను సరేనని మళ్ళీ మొదలుపెట్టాను. మందు పేరు. సున్నా, ఎనిమిది, తొమ్మిది, సున్నా. ఈసారి తడుముకోలేదు. ఆవిడ ముఖంలో భయం కొంచెమైనా తగ్గిందేమోనని చూస్తూ, తగ్గాలని కోరుకుంటూ, గబగబా చెప్పుకుపోతున్నాను. ఏడో అంకె దగ్గర ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. వల కుట్టే చెయ్యి, గట్టి పట్టు.

"నన్ను సూసి కాదమ్మా," అంది. "సీసా సూసి సదువు."

నేను సీసా వంక చూడటం లేదు. ఒకసారి చదివాను కదా అని నోటికి వచ్చినట్టు అప్పజెబుతున్నాను. పద్నాలుగు నెలలు చేసింది ఇదే, ఇప్పుడు ఈవిడ ముందు కూడా ఇదే చేస్తున్నాను. ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళజోడు మసకబారింది. ఆవిడ నా మణికట్టు వదల్లేదు. తుడుచుకునేదాకా ఆగింది.

చిన్న సీసాని కిటికీ వెలుగులోకి తిప్పి పట్టుకున్నాను. బొటనవేలు మొదటి అంకె కింద పెట్టి, మందు పేరు నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.